ఒంటికి పడనిది

"తడిగుడ్డ పిండటానికి కూడా డాక్టర్ చీటీ కావాలేమో అమ్మాయ్," అన్నారు మా అత్తగారు.

నేల తడిగా ఉందని ఆవిడ కాళ్ళు రెండూ కుర్చీ మీదికి పెట్టుకుని కూర్చున్నారు. నేను వంటింటి గుమ్మం దగ్గర బకెట్టు ముందు గొంతుక్కూర్చుని చేతిలో గుడ్డ వైపు చూస్తున్నాను. పిండటమంటే ఒక చెయ్యి అటూ ఒక చెయ్యి ఇటూ తిప్పాలి. చిన్నప్పట్నుంచీ చేస్తున్న పనిని ఇలా విడదీసి ఆలోచించాల్సి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. వేళ్ళు ముడుచుకోనంటున్నాయి. చివరికి గుడ్డని బకెట్టు అంచు మీద వేసి మోచేత్తో నొక్కాను. నీళ్ళు సగం బకెట్లోనూ సగం నా ఒళ్ళోనూ పడ్డాయి. "ఇల్లు తుడుస్తున్నావా, స్నానం చేస్తున్నావా?" అన్నారు ఆవిడ. మాట బాగానే ఉంది. ఇంకో రోజైతే నవ్వేదాన్నే. ఆ రోజు నవ్వూ రాలేదు, కోపమూ రాలేదు. మిగిలిన నేలంతా ఆ నీళ్ళోడుతున్న గుడ్డతోనే తుడిచి, బట్టలు మార్చుకుని పనికి వెళ్ళిపోయాను.

ఇదంతా మొదలై మూడేళ్ళు. ముందు కుడిచేతి వేళ్ళు. పొద్దున లేచేసరికి ఎవరివో తెచ్చి తగిలించినట్టు బిగుసుకుపోయి ఉండేవి. గంటసేపు వేడినీళ్ళలో పెడితే గానీ గరిటె పట్టుకోవడానికి ఒప్పుకునేవి కావు. ఆ తర్వాత మోకాళ్ళు. ఆ తర్వాత మెడ మీద ఎర్రటి దద్దుర్లు. తల దువ్వుకుంటే నా నెత్తి మీద కంటే దువ్వెనకే ఎక్కువ జుట్టు. ఆఖరికి కళ్ళు. లోపల తడి ఆరిపోయింది. రోజుకి ఆరుసార్లు సీసాలోంచి చుక్కలు వేసుకోవాలి. "మరి ఏడుపొస్తే ఏం చేస్తావే?" అని మా అక్క ఫోన్లో వేళాకోళమాడింది. రాదని చెప్పాను. నిజంగానే రాదు. ఇంట్లో ఒక్కొక్కళ్ళు దీనికి ఒక్కో పేరు పెట్టారు. మా ఆయన ఒత్తిడి అన్నారు. అత్తగారు బద్ధకం అన్నారు. అక్క వయసు అంది, నాకు నలభై ఒకటే అయినా. పిల్లలిద్దరూ ఏ పేరూ పెట్టలేదు గానీ, సీసా మూతలు తీయించుకోవడానికి నా దగ్గరికి రావడం మానేశారు. అది మాత్రం కొంచెం గుచ్చుకుంది.

డాక్టర్లు ముగ్గురు మారారు. రక్తంలో గుర్తులు కనిపిస్తున్నాయి గానీ ఫలానా జబ్బు అని తేల్చలేమన్నారు. ఒకాయన, "మీ ఒంటికి కాపలా కాయాల్సిన శక్తి మీ ఒంటి మీదే తిరగబడుతోందమ్మా. ఎందుకో చెప్పలేం," అని మాత్రలు రాశాడు. ఆ మాత్రలకి నా మొహం పొంగింది. "మొహం నిండుగా వచ్చింది, బాగున్నావ్," అన్నారు మా ఆయన. ఆయన మెచ్చుకోలు అలా ఎప్పుడో గానీ రాదు కాబట్టి నేను థాంక్స్ చెప్పాను.

మా ఆయన ఓ పెద్ద ఆఫీసులో రికార్డుల గదికి అధికారి. కాగితం అంటే ప్రాణం. మా ఇంట్లో కాగితం చిరగదు, పోదు, పారేయబడదు. ఎవరితో ఫోన్లో మాట్లాడినా సంబంధించిన కాగితం వెనక తేదీ వేసి, ఏం మాట్లాడారో రెండు ముక్కలు రాసి పెట్టుకుంటారు. ఆఫీసు అలవాటు. గ్యాసు వాడితో మాట్లాడినా అంతే. నా జబ్బుకి కూడా నీలం రంగు ఫైలు ఒకటి పెట్టారు. ముందు విషయసూచిక, ఆ తర్వాత తేదీల వారీగా పరీక్షలు, మందులు, బరువు. డాక్టర్ గదిలోకి వెళ్ళగానే ఆ ఫైలు బల్ల మీద పెట్టి ఆయనే మొదలుపెడతారు. "వేళ్ళ నొప్పులు సార్, ఉదయం పూట ఎక్కువ, మధ్యాహ్నానికి తగ్గుతాయి." నేను పక్క కుర్చీలో కూర్చుంటాను. డాక్టర్లకి ఆయన్ని చూస్తే ముచ్చటేస్తుంది. "ఇంత శ్రద్ధగా చూసుకునే భర్త దొరకడం అదృష్టం అమ్మా," అని ముగ్గురిలో ఇద్దరు అన్నారు. నా నొప్పి గురించి నాకంటే ఆయనే బాగా చెబుతారని నాకూ అనిపించేది.

ప్రతి డాక్టరూ అడిగే ప్రశ్న ఒకటుంటుంది. "ఇంతకు ముందు ఆపరేషన్లేమైనా?"

"రెండు కాన్పులు. అంతే సార్," అంటారు ఆయన.

అంతే కాదు. ఐదేళ్ళ క్రితం నాకు ఇంకో ఆపరేషన్ జరిగింది. నా రొమ్ముల్లో రెండు సిలికాన్ సంచులు పెట్టారు.

ఇది చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గనిపించడం లేదు. సిగ్గుపడటానికి కూడా కాస్త ఓపిక కావాలి. ఇద్దరు పిల్లలు నా పాలు తాగి పెరిగారు. తాగినంత కాలం అందరూ మెచ్చుకున్నారు. మానేశాక మిగిలింది మాత్రం ఆయనకి నచ్చలేదు. ముందు జోకులు. "ఇస్త్రీ చేశారా ఏంటి?" అనేవారు. ఒకసారి వాళ్ళ ఆఫీసు విందులో తీసిన ఫోటో ఇంటికి తెచ్చి, తన పై అధికారి భార్య పక్కన నిలబడ్డ నన్ను వేలితో చూపించి, "ఇందులో నువ్వెక్కడున్నావో చెప్పు చూద్దాం," అన్నారు. ఆ ఏడాది మా పెళ్ళిరోజుకి కానుక అని ఆసుపత్రి అపాయింట్‌మెంట్ కాగితం ఇచ్చారు. "నీ కోసమే. నీకు ధైర్యం వస్తుంది," అన్నారు. నాకు ధైర్యం తక్కువని నేనెప్పుడూ ఆయనతో అనలేదు. అయినా సరే అన్నాను. ఇక్కడ అబద్ధం చెప్పను. నన్నెవరూ కట్టేసి తీసుకెళ్ళలేదు. వద్దంటే వచ్చే మౌనం ఎన్ని వారాలు ఉంటుందో లెక్కేసుకుని, ఆ మౌనం కంటే కత్తి తేలికనుకున్నాను.

బయటికి పొక్కకూడదన్నది మొదటి షరతు. అత్తగారికి, పిల్లలకి, మా అక్కకి కడుపులో చిన్న గడ్డ తీశారని చెప్పాం. పాపం అత్తగారు పది రోజులు వంట చేశారు, రోజూ ఆ గడ్డని తిట్టుకుంటూ. ఆ తర్వాత మేమిద్దరం కూడా దాన్ని పేరుపెట్టి పిలవలేదు. "అది" అనేవాళ్ళం. కొన్నాళ్ళకి అది అనడం కూడా మానేశాం.

నేను కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో పనిచేస్తాను. పంటి డాక్టర్ల దగ్గర్నుంచి నోటి అచ్చులు వస్తాయి. వాటిలో ప్లాస్టర్ పోసి దవడలు తీస్తాం. వాటి మీద మైనంతో చిగుళ్ళు కట్టి, ఒక్కొక్క పన్నూ నిలబెట్టి, ఆ పైన మైనాన్ని కరిగించి గులాబీరంగు పదార్థం నింపుతాం. మైనం చెక్కడం నా పని. పద్దెనిమిదేళ్ళుగా. మనిషి మొహం చూడకుండా దవడ చూసి చాలా చెప్పగలను. ఏ పక్కన నములుతారో, ఏ పళ్ళు ముందు పోయాయో. మా అత్తగారి సెట్టు కూడా నేనే చేశాను. ముందు వైపు ఎముక బాగా అరిగి సన్నబడి ఉంది, వెనక వైపు కంటే ఇరవై ముప్పై ఏళ్ళ ముందే ఆ పళ్ళు పోయినట్టు. ఎలా పోయాయని ఆవిడని నేనడగలేదు. ఆవిడా చెప్పలేదు.

ఈ మధ్య నా చేతిలో చెక్కుడు కత్తి నిలవడం లేదు. ఒక సెట్టు వంకరగా పోయింది, ఇంకొకటి కింద పడింది. యజమాని ఏమీ అనలేదు గానీ నన్ను చీటీలు రాసే బల్ల దగ్గరికి మార్చనా అని అడిగాడు. ఆ బల్ల నుంచి ఎవరూ వెనక్కి రారు. నా చేతులు నాకు దక్కుతాయా లేదా అన్నది తప్ప నాకు అప్పుడు వేరే ఆలోచన లేదు. ఆ భయం కూడా మొద్దుబారిన పంటిని నాలుకతో తడుముతున్నట్టే ఉండేది. ఉందని తెలుసు, నొప్పి తెలియదు.

మా ల్యాబులో అందరికంటే పాత మనిషిని పెద్దక్క అంటాం. ఆవిడ పెట్టిన పద్ధతి ఒకటుంది. వెనక్కొచ్చిన ఏ సెట్టుతోనూ వాదించకూడదు. గుచ్చుకుంటోందని చీటీ వస్తే గుచ్చుకుంటోందనే అర్థం. అచ్చు మీద సరిగ్గా కూర్చుంది కదా అనకూడదు. "అచ్చుకి నొప్పి తెలుస్తుందా? నోరున్నవాళ్ళదే మాట," అంటుంది.

ఒక రిటైరైన టీచరమ్మ సెట్టు ఏడాదిన్నరలో ఆరుసార్లు తిరిగొచ్చింది. చీటీ మీద ఒకటే ముక్క: మంట. అరగదీశాం, మెరుగుపెట్టాం, కొత్త అచ్చు తెప్పించి మళ్ళీ చేశాం. ఏడోసారి వచ్చినప్పుడు యజమాని, "ఆవిడకి మంట నోట్లో కాదు, బుర్రలో," అన్నాడు. పెద్దక్క మాత్రం సెట్టుని చేతిలో అటూ ఇటూ తిప్పి, "తప్పు ఆకారంలో లేదురా, సరుకులో ఉందేమో," అని డాక్టర్‌కి ఫోన్ చేయించింది. చర్మం మీద పరీక్ష చేస్తే నిజమే. ఆ గులాబీరంగు పదార్థం ఆవిడకి పడదు. వేరే సరుకుతో చేసిచ్చాం. వారం తిరక్కుండా టీచరమ్మ ల్యాబుకి స్వయంగా వచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోకుండా నిలబడే, "నా నోట్లో నిప్పుందంటే మా ఇంట్లో అందరూ నవ్వారమ్మా. ఆఖరికి నాకే అనుమానం వచ్చింది, నేనే కల్పించుకుంటున్నానేమో అని," అంది.

పెద్దక్క ఆవిడ చెయ్యి పట్టుకుని, "సెట్టు మంచిదే, మీ నోరూ మంచిదే. రెంటికీ పడలేదు," అంది.

చేతులు మరీ సహకరించని ఆ పూట నేను పక్క బల్ల దగ్గర చీటీలు రాస్తున్నాను. రాస్తున్న చీటీ మీద కలం ఆగిపోయింది. నా ఒంట్లో నాది కానిది ఏముందని ఆ మూడేళ్ళలో నన్నెవరూ అడగలేదు. ఆపరేషన్ల గురించి అడిగిన వాళ్ళకి మేం అబద్ధం చెప్పాం.

ఆ సాయంత్రం ఆయన టీ తాగుతుంటే అడిగాను. "ఏమండీ, ఈసారి డాక్టర్‌కి దాని సంగతి చెబుదామా?"

"దేని సంగతి?"

"ఆపరేషన్ సంగతి. ఒకవేళ అది నా ఒంటికి పడలేదేమో."

ఆయన కప్పు కింద పెట్టారు. "ఎవరు చెప్పారు నీకు? మీ పళ్ళ ల్యాబు ముసలావిడా? పెట్టింది ఛాతీలో, నొప్పి వేళ్ళలో. తలకి నూనె రాస్తే కాలికి అంటుతుందా?" అన్నారు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "అమ్మ పక్క గదిలోనే ఉంది," అన్నారు. సంభాషణ అయిపోయిందని దాని అర్థం. మా ఇంట్లో చాలా సంభాషణలు ఆ వాక్యంతోనే అయిపోతాయి.

మర్నాడు సగం రోజు సెలవు పెట్టి ఇంటికొచ్చాను. నాకు కావాల్సింది ఒక్కటే, లోపల పెట్టిన సరుకు పేరు. టీచరమ్మకి ఉన్నట్టు నాకూ ఒక పరీక్ష ఉందేమో అడగాలంటే పేరు తెలియాలి కదా. నీలం ఫైల్లో లేదు. అది నాకు ముందే తెలుసు. కానీ మా ఆయన కాగితం పారేయరు. కాబట్టి ఇంట్లో ఎక్కడో ఉండి తీరాలి. అల్మారా పై అరలో ఇంటి వస్తువుల గ్యారంటీ కాగితాల సంచి ఉంది. వరసగా తీశాను. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, మిక్సీ, ఆ తర్వాత నేను.

కంపెనీ పేరు, వరస సంఖ్య, పదేళ్ళ గ్యారంటీ. దాని వెనకే ఆపరేషన్ చేసిన ఆసుపత్రి ఇచ్చిన కాగితం. తిప్పి చూశాను. వెనక ఆయన గుండ్రటి చేతిరాత.

"ఫోన్, సర్జన్ గారితో. భార్యకు కీళ్ళ నొప్పులు, కళ్ళు ఎండుట గురించి తెలిపితిని. కొందరిలో ఇది సిలికాన్ వలన కావచ్చునన్నారు. తీసివేసిన తగ్గు అవకాశము కలదు. ఆలోచించి చెప్పెదనంటిని."

కింద తేదీ. ఇప్పటికి రెండేళ్ళ రెండు నెలలు.

ఆ రెండేళ్ళ రెండు నెలల్లో ఏమేం జరిగాయో గుర్తుచేసుకున్నాను. కళ్ళు పూర్తిగా ఎండింది ఆ తర్వాతే. ఎడమచేతికి పాకింది ఆ తర్వాతే. ప్రతి నెలా ఆయన నన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళారు, ఫైలు పట్టుకున్నారు, వరసలో నిలబడ్డారు, మందులు టైముకి ఇచ్చారు. మరిచిపోలేదు ఒక్కపూట కూడా. ఇవన్నీ చేస్తూనే ఆలోచిస్తున్నారన్నమాట. ఆయన్ని అసహ్యించుకోవాలని తెలుసు. ఆ అసహ్యం వస్తుందేమోనని కాసేపు చూశాను. వాషింగ్ మెషీన్ పనైపోయిందని కూత పెట్టింది. వెళ్ళి బట్టలు ఆరేశాను. ఆయన చొక్కాలు హ్యాంగర్లకి, కాలర్లు సరిచేసి. చేతులు తమంతట తాము చేసేశాయి.

తిరిగొచ్చి నీలం ఫైలు తీశాను. ఆ కాగితానికి చిల్లులు వేయాలి. చిల్లుల మిషను నొక్కడానికి వేళ్ళకి బలం చాల్లేదు. నేల మీద పెట్టి మోకాలు ఆనించి నొక్కాను. తేదీల వారీగా ఎక్కడ ఉండాలో అక్కడ పెట్టాను, మొదటి రక్తపరీక్షకి ముందు. విషయసూచికలో కూడా ఒక వరస చేర్చాను. ఆయన ఫైలు, ఆయన పద్ధతిలోనే ఉండాలి.

నాలుగో డాక్టర్ ఆడమనిషి, కీళ్ళ జబ్బుల డాక్టరమ్మ. ఆ శుక్రవారం వెళ్ళాం. ఆయన ఫైలు బల్ల మీద పెట్టి మొదలుపెట్టారు. డాక్టరమ్మ వింటూ రాసుకుంటూ, "ఆపరేషన్లు?" అంది.

"రెండు కాన్పులు. అంతే మేడమ్."

ఆవిడ పేజీలు తిప్పుతోంది. తిప్పుతున్న చెయ్యి ఆగింది. ముందు వైపు చదివింది. వెనక్కి తిప్పి అదీ చదివింది. "ఇదేంటండీ?" అంది ఆయనకేసి చూస్తూ.

ఆయన ముందుకి వంగి చూశారు. పాతికేళ్ళ ఉద్యోగంలో తను పెట్టని కాగితం తన ఫైల్లో కనబడటం ఆయనకి అదే మొదటిసారనుకుంటా. విషయసూచిక పేజీకి వెళ్ళి వేలితో వరసలు వెతికారు.

"అది నా ఆపరేషన్ కాగితం డాక్టర్ గారూ," అన్నాను. "వెనక రాసింది ఈయన. నేను చూసి నాలుగు రోజులైంది." నా గొంతు చీటీ చదువుతున్నట్టే ఉంది.

"మీరు కాసేపు బయట కూర్చోండి," అంది డాక్టరమ్మ. నేను లేవబోయాను. మూడేళ్ళ అలవాటు. "మీరు కాదమ్మా. ఆయన."

తలుపు మూసుకున్నాక ఆవిడ నన్ను పడుకోబెట్టి పరీక్షచేసి, కుర్చీ దగ్గరగా లాక్కుని చెప్పింది. ఒంటికి కొత్త వస్తువు ఏది వచ్చినా లోపలి కాపలా ముందు అనుమానంగానే చూస్తుందట. చాలామందిలో దాని చుట్టూ ఒక పొర కట్టేసి ఊరుకుంటుంది. కొద్దిమందిలో ఊరుకోదు. దానితో పోట్లాడీ పోట్లాడీ, ఆఖరికి ఎవరు సొంతవాళ్ళో ఎవరు పరాయివాళ్ళో తేడా మరిచిపోయి కీళ్ళ మీద, కళ్ళ మీద పడుతుంది. "మీది అదేనని ఖాయంగా చెప్పలేను. తీసేస్తే కొందరికి బాగా తగ్గింది. కొందరికి సగం తగ్గింది. కొందరికి తేడా లేదు. ఎంత ఆలస్యమైతే అంత కష్టం. నేను తీయించమనే చెబుతాను. కానీ ఒళ్ళు మీది."

ఆఖరి మాట నేను మళ్ళీ చెప్పమని అడగబోయాను. అడగలేదు.

ఇంటికొచ్చాం. చెప్పులు విప్పగానే ఆయన, హాల్లోనే, పక్క గదిలో అమ్మ ఉందన్న సంగతి మొదటిసారి మర్చిపోయి మాట్లాడారు. "డాక్టర్ ముందు నన్ను దొంగని చేశావ్. ఒక్కమాట నాతో అనొచ్చుగా?"

"అన్నాను. నూనె, కాలు అన్నారు."

"ఆ సర్జన్ కావచ్చు అన్నాడే గానీ అదే అనలేదు కదా! కావచ్చు అన్నదాన్ని పట్టుకుని కోయించుకుంటారా? చెబితే నువ్వు తీసేయమంటావని తెలుసు. తీసేస్తే ఎలా ఉంటుందో ఆలోచించావా? ముందు కంటే అధ్వాన్నంగా ఉంటుంది. కుట్లు, ముడతలు. రేపు నిన్ను నువ్వు అద్దంలో చూసుకోలేక ఏడిస్తే అప్పుడెవరు చూడాలి? నీ గురించే ఆలోచించాను నేను."

"నాకు ఏడుపు రాదండీ," అన్నాను. "కళ్ళు పనిచేయడం లేదు."

అది దెప్పడానికి అనలేదు. నిజమే చెప్పాను. ఆయన తువ్వాలు తీసుకుని స్నానానికి వెళ్ళిపోయారు.

అత్తగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. అంతా విన్నారు. "గడ్డ అన్నారుగా," అన్నారు.

"గడ్డ కాదత్తయ్యా."

నేను వంటింట్లోకి వెళ్తే వెనకే వచ్చారు. తిడతారనుకున్నాను. పది రోజులు అబద్ధానికి వండిపెట్టిన మనిషి, తిట్టే హక్కుంది. ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుని, నోట్లోంచి పై సెట్టు తీసి చేత్తో పట్టుకున్నారు. పళ్ళు లేని నోటితో మాట ఊదుతూ వచ్చింది.

"నాకు ఎత్తుపళ్ళుండేవి. ముందు నాలుగూ. గట్టివి, చెరుకైనా విరిచేవి. నవ్వితే బాగోలేదన్నారు మీ మామగారు. ముప్పై ఏళ్ళకే పీకించేశారు. నిన్ను చూసి ఎవరైనా ఏమనుకుంటారు, నీ మంచికే అన్నారు." సెట్టు మళ్ళీ పెట్టుకున్నారు. చిన్న శబ్దంతో కూర్చుంది. "అందరికీ పుచ్చిపోయాయని చెప్పాం."

ఆ దవడని నేను చేతుల్లో పట్టుకుని పనిచేశాను. ఎముక అరిగిన చోట బొటనవేలితో మైనం నొక్కాను. ఆవిడ మీద నాకెప్పుడూ జాలి కలగలేదు, ఆ రోజు కలిగింది. చాలాకాలం తర్వాత లోపల ఏదో కదిలినట్టుంది, అంతలోనే సర్దుకుంది. కూరగాయలు తరగడం మొదలుపెట్టాను. కత్తి మూడుసార్లు జారింది. నాలుగోసారి ఆవిడ నా చేతిలోంచి లాక్కున్నారు.

"ఎంతసేపు పడుతుందిట ఆ ఆపరేషను?"

"రెండు మూడు గంటలు. రెండు రోజులు ఉండాలిట."

"అయితే వంట చేసిపెట్టి వెళ్తావా, నన్ను చేసుకోమంటావా?"

"మీరే చేయాలత్తయ్యా. నేను చేయను."

"సరే," అని ఆవిడ ఉల్లిపాయ రెండు ముక్కలు చేశారు. "ఉప్పెక్కువైందని వాడంటే మాత్రం ఊరుకోను."

సర్జన్‌ని నేనే వెతుక్కున్నాను, డాక్టరమ్మ ఇచ్చిన చీటీతో. మా ఆయన కూడా వచ్చారు, నేను రమ్మనలేదు, వద్దనలేదు. ఫైలు ఈసారి నా ఒళ్ళో ఉంది. ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకి తెలియలేదు. మోకాళ్ళ మీద పెట్టుకున్నారు, తీశారు, జేబులో పెట్టుకున్నారు. సర్జన్ బొమ్మ గీసి చూపించి, చుట్టూ కట్టిన పొరతో సహా తీసేస్తామని, ఆ తర్వాత చర్మం వదులుగా ఉంటుందని, మచ్చలుంటాయని చెప్పాడు. ఏదీ దాచలేదు. నొప్పులు తగ్గుతాయన్న హామీ కూడా ఇవ్వలేదు.

"డాక్టర్ గారూ," అన్నారు మా ఆయన, "వేరే కంపెనీవి, కాస్త చిన్న సైజువి పెట్టడానికి వీలవుతుందా? మరీ ఖాళీగా కాకుండా?"

సర్జన్ ఆయనకి జవాబు చెప్పకుండా నా వైపు తిరిగాడు. గదిలో ఇద్దరు మగవాళ్ళూ నా నోటివైపు చూడటం నా జీవితంలో అదే మొదలు.

"ఏమీ వద్దు," అన్నాను.

"ఆలోచించుకుని చెప్పినా..." అని మొదలుపెట్టారు ఈయన.

"ఆలోచించడం అయిపోయింది."

ఆపరేషన్ రోజు పొద్దున నన్ను మంచం మీద కూర్చోబెట్టి నర్సు కాగితాలు తెచ్చింది. పిల్లలు బడికి వెళ్ళారు. అత్తగారు ఇంట్లో వంట చేస్తున్నారు. ఈయన నడవాలో బెంచీ మీద ఉన్నారు, తలుపు సందులోంచి బూట్లు కనబడుతున్నాయి. వేళ్ళ మధ్య కలం నిలవదని నర్సు గుడ్డ చుట్టి లావుగా చేసి ఇచ్చింది. పేరు, వయసు, పడని మందులు, ఇంతకుముందు జరిగిన ఆపరేషన్లు. అన్నీ నేనే రాశాను. వంకర టింకరగా, గళ్ళు దాటి, గంటకి పావుగంట తక్కువ పట్టింది. భయం ఉందా అని నర్సు అడిగింది. ఉండే ఉంటుంది, ఇంకా నాదాకా రాలేదని చెప్పాను. ఆ పిల్ల నవ్వింది.

ఆఖరి కాగితం చూపించి, "తీసినవి కొంతమంది అడిగి తీసుకుంటారమ్మా. కొంతమంది పారేయమంటారు. మీ ఇష్టం. ఎవరికి అప్పగించాలో ఇక్కడ రాస్తే చాలు," అంది.

ఆ గడిలో మా ఆయన పేరు రాశాను.

నర్సు చదివి, తలుపు సందులోంచి ఆ బూట్ల వైపు చూసి, మళ్ళీ నాకేసి చూసింది. "ఆయనకా? మీకిస్తామమ్మా, మీవే కదా?"

"నావి కావు," అన్నాను. "ఆయనవే. ఇన్నాళ్ళూ నేను మోశాను, అంతే."